పికప్ అయింది, పికప్ చేసిన: ఒక క్యాబ్ డ్రైవరుతో ఎనిమిది వారాలు

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ ప్రాంతంలో అద్దెకు తీసుకున్న ఒక గదిలో, సాయంత్రం ఏడు గంటల తరువాత, పగలంతా పని చేసుకొని వచ్చే పెద్దవారికి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం నా వృత్తి. దుకాణాలవారు, నర్సులు, పరిశ్రమల్లో షిఫ్టు పని చేసేవారు, డ్రైవర్లు నా దగ్గరికి వస్తుంటారు. ఈ కేసు వారిలో ఒక్కరిది, ఇందులో చర్చ ఒక్క క్రియ మీద. అభ్యాసకుడి అనుమతితోనే రాస్తున్నాను, అతని పేరు, ఊరు మాత్రం చెప్పడం లేదు. చదివేవారి సౌకర్యం కోసం ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాను: 'పిక్ అప్' అని రెండు ముక్కలుగా రాసినప్పుడు అది ఇంగ్లీషు క్రియ, 'పికప్' అని ఒకే ముక్కగా రాసినప్పుడు అది మన నోళ్లలో ఇప్పటికే స్థిరపడిన తెలుగు మాట. ఈ రెండూ ఒకటే అని అతడూ అనుకున్నాడు, మొదట్లో నేనూ అలాగే పాఠం చెప్పాను. చిక్కంతా అక్కడే ఉన్నది.

కేసు నేపథ్యం

అతని వయసు ఇరవై ఆరు. సొంత ఊరు జడ్చర్ల దగ్గర ఒక పల్లె. చదువు తెలుగు మాధ్యమంలో సాగి ఇంటర్మీడియట్‌తో ఆగింది. నాలుగేళ్లు బొలేరో పికప్‌లో ఉల్లిగడ్డ, టమాట వేసుకొని హైదరాబాద్ మార్కెట్లకు తిరిగాడు, ఆ తరువాత ఒక ట్రావెల్స్‌లో క్యాబ్ డ్రైవరుగా చేరాడు. ఆ ట్రావెల్స్ వారు జడ్చర్ల పక్కన ఉన్న ఒక కర్మాగారానికి బండ్లు నడుపుతారు. రాత్రి షిఫ్టు దిగిన మహిళా ఉద్యోగులను ఇండ్లకు చేర్చడం ఒక పని, శంషాబాద్ విమానాశ్రయంలో దిగే విదేశీ ఇంజినీర్లను కర్మాగారానికి తీసుకురావడం ఇంకొక పని. రెండవ పనికి బత్తా ఎక్కువ, గౌరవమూ ఎక్కువ.

నా దగ్గరికి వచ్చిన మొదటి సాయంత్రం అతడు చెప్పిన సంగతి ఇది. విమానాశ్రయం నుంచి వస్తున్న ఒక విదేశీ మహిళా ఇంజినీరు, దారిలో మాటకు మాటగా, ఈ పని కాక ఇంకేమి చేస్తుంటావని అడిగింది. ఇతడు ఉత్సాహంగా, 'ఎవ్రీ నైట్ ఐ పికప్ గర్ల్స్' అన్నాడు. ఆమె మాట్లాడటం ఆపేసింది. బండి కర్మాగారం గేటు దాటేవరకు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నది. మరునాడు సంగతి ట్రావెల్స్ యజమానికి చేరింది, ఇతనికి విమానాశ్రయం డ్యూటీ తీసేశారు.

"నేనేమి తప్పు మాట్లాడితి సార్? రోజు రాత్రి ఆడపిల్లల్ని పికప్ చేస్కొని ఇండ్లకాడ దింపుత. ఉన్న ముచ్చటే చెప్పితి" అని అడిగాడు. ఆ ప్రశ్నలో కోపం కంటె నొప్పి ఎక్కువగా ఉన్నది. అర్ధరాత్రి పూట ఒక్కొక్క అమ్మాయి తలుపు తీసుకొని లోపలికి పోయేదాకా బండి కదిలించని మనిషి అతడు. తన పనిలో తాను అన్నింటికంటె గర్వపడే సంగతిని చెప్పబోయి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం ఇచ్చి వచ్చాడు.

మొదటి రెండు వారాలు

ఇక్కడ నేను చేసిన పొరపాటు రాయాలి. 'పిక్ అప్' కు నిఘంటువుల్లో ఉన్న అర్థాలన్నీ ఒక చార్టు మీద రాసి, ఎదురుగా తెలుగు అర్థాలు పెట్టి ఇచ్చాను. కింది నుంచి ఎత్తుట, బండిలో ఎక్కించుకొనుట, ఫోన్ ఎత్తుట, దారిలో ఏదైనా కొనుట, భాష పట్టుబడుట, జబ్బు తగులుట, వ్యాపారం కోలుకొనుట, వేగం పుంజుకొనుట, సిగ్నల్ అందుకొనుట, ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టుట, బిల్లు తానే కట్టుట, పోలీసులు పట్టుకొనిపోవుట, పరిచయం లేని వారిని మాటలతో దగ్గర చేసుకొని వెంట తీసుకుపోవుట. ఆ చివరి అర్థమే బండిలో ఆమె చెవికి తాకిందని కూడా వివరించాను. అతడు వారం తిరిగేసరికి ఆ చార్టు మొత్తాన్ని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. నేను సంతోషించాను.

రెండవ వారం చివర నేను విమానం దిగిన అతిథిగా కూర్చొని, అతనితో ఫోన్ సంభాషణ నడిపించాను. అతడు ఒక్క గుక్కలో అన్న మూడు వాక్యాలు నా నోటుబుక్కులో ఉన్నాయి: 'టుమారో ఐ విల్ పికప్ యూ సర్. ఎస్టర్డే ఐ పికప్డ్ అనదర్ గెస్ట్. నౌ బిజినెస్ ఈజ్ పికప్డ్.' పదమూడు అర్థాలు నోటికి వచ్చినా, మూడు వాక్యాల్లో మూడూ తప్పే. పైగా మూడూ వేరువేరు తప్పులు.

మొదటి దానిలో సర్వనామం చోటు తప్పింది. 'పిక్ అప్' తరువాత వచ్చే కర్మ మామూలు నామవాచకమైతే 'పిక్ అప్ ద బ్యాగ్' అనవచ్చు, 'పిక్ ద బ్యాగ్ అప్' అనీ అనవచ్చు. కర్మ పొడుగ్గా ఉంటే, అంటే 'మూడవ గేటు దగ్గర ఎదురు చూస్తున్న ఇద్దరు ఇంజినీర్లను' వంటిదైతే, రెండు ముక్కలనూ కలిపే ఉంచి ఆ పొడుగు మాటను చివరకు నెట్టడం వాడుక. కాని 'యూ', 'హిమ్', 'ఇట్' వంటి సర్వనామం వస్తే మాత్రం ఎంపిక లేదు, అది రెండు ముక్కల నడుమనే కూర్చోవాలి: 'ఐ విల్ పిక్ యూ అప్'. రెండవ దానిలో భూతకాలపు గుర్తు చివరి ముక్కకు తగిలింది, అది తగలవలసింది మొదటి ముక్కకు: 'పిక్డ్ అప్'. మూడవ దానిలో, దానంతట అదే జరిగే పనిని ఎవరో చేసిన పనిగా మార్చి చెప్పాడు. వ్యాపారాన్ని ఎవరూ ఎత్తరు, 'బిజినెస్ హ్యాజ్ పిక్డ్ అప్' అంటే చాలు.

అర్థాల జాబితా ఈ మూడింటిలో దేనికీ మందు కాదని అప్పుడు అర్థమైంది. ఈ ఇబ్బంది ఇతని ఒక్కనిదీ కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే, క్రియ వెనుక ఒక చిన్న ముక్క చేర్చి అర్థం మార్చడం ఇంగ్లీషులో విపరీతంగా ఉన్నదని, పరభాషల వారికి అన్నింటికంటె కష్టమయ్యేది ఇదేనని చెప్పాడు. వీటికి 'ఫ్రేజల్ వర్బ్' అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. పేరు రాకముందు నుంచే కష్టం ఉన్నదన్నమాట. ఈ ముచ్చట అతనికి చెప్పినప్పుడు ముఖం కొంత తేలికపడింది. ఇంగ్లీషు వారే కష్టమని ఒప్పుకొన్న చోట తడబడటం నామోషీ కాదని పెద్దవారైన అభ్యాసకులకు ఒకసారి స్పష్టంగా చెప్పడం అవసరమని నా అనుభవం.

ఎత్తిపొడుపు

మూడవ వారంలో అతడు ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని అడిగితే, యజమాని అందరి ముందర ఇంగ్లీషు రానోనికి ఎయిర్‌పోర్టు డ్యూటీ ఎందుకని మళ్లీ అన్నాడని చెప్పి, "ఊకె ఎత్తిపొడుస్తడు సార్" అన్నాడు. ఆ మాట విన్నాక నోటుబుక్కు వెనక్కి తిప్పి చూస్తే, మొదటి రోజు నేను రాసుకొన్న అతని మాటల్లో కూడా 'ఎత్తిపొడిచిండు' అని ఉన్నది. రాసుకొన్నాను గాని వినలేదు.

"ఎత్తిపొడిచిండు అంటివి కదా తమ్మీ, ఏమెత్తిండు, ఎక్కడ పొడిచిండు?" అని అడిగాను.

కాసేపు నా ముఖం చూశాడు. "ఏమెత్తలే సార్. మాట అన్నడు."

"మరి ఎత్తిపోతల అంటే?"

"అండ్ల నిజంగనే నీళ్లు ఎత్తుతరు, పోస్తరు."

పాలమూరు మనిషికి 'ఎత్తిపోతల' విడమరిచి చెప్పనవసరం లేదు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు మొదలుకొని మూడు దశల్లో కృష్ణ నీళ్లను పైకి ఎత్తుతున్నారు. ఎత్తడమూ నిజమే, పోయడమూ నిజమే. కాని 'ఎత్తిపొడుపు' లో ఎత్తడమూ లేదు, పొడవడమూ లేదు, రెండూ కలిసి దెప్పడం అనే మూడవ పని అయింది. ఆ సాయంత్రం పాఠం పక్కన పెట్టి బోర్డు మీద 'ఎత్తు' అని రాశాను, మిగతావి అతడే చెప్పాడు. కర్ఫ్యూ ఎత్తేసిన్రు. తప్పు ఎత్తిచూపిండు. భజనల పాట ఎత్తుకున్నడు. తల్లి పిల్లను సంకన ఎత్తుకున్నది. పోలీసులొచ్చి ఎత్తుకపోయిన్రు. ప్రతి వాక్యానికీ 'ఇక్కడ నిజంగా ఏమి పైకి లేచింది' అని అడిగితే, కొన్నిచోట్ల పిల్ల లేచింది, నీళ్లు లేచాయి, కొన్నిచోట్ల ఏమీ లేవలేదు. ఒకే మాట, పక్క ముక్క మారగానే అర్థం మారడం తన ఇంట్లోనే ఉన్నదని అతడు ఆ రోజు చూశాడు. అంతవరకు అతని దృష్టిలో అది ఇంగ్లీషు వారు కావాలని పెట్టిన తిరకాసు.

ఈ పోలికలో అంతకంటె విలువైనది ఇంకొకటి దొరికింది. 'ఎత్తిపోసిండు', 'ఎత్తిపోస్తడు', 'ఎత్తిపోస్తున్నరు' అన్నప్పుడు కాలం గుర్తు, మనిషి గుర్తు చివరి ముక్కకే తగులుతాయి, 'ఎత్తి' కదలదు. ఇంగ్లీషులో నడక తలకిందులు: కదిలేది మొదటి ముక్క, 'పిక్స్', 'పిక్డ్', 'పికింగ్' అని, 'అప్' రాయిలా నిలిచి ఉంటుంది. అతడు 'పికప్డ్' అన్నది అజ్ఞానంతో కాదు. తెలుగు సంయుక్త క్రియ లక్షణాన్ని పట్టుకొని తన భాష నేర్పినట్టే చివరి ముక్కకు ప్రత్యయం చేర్చాడు. పైగా తెలుగులో 'పికప్' విరగని ఒకే మాట, దానికి ఏది తగిలించినా చివరే తగిలించాలి. తప్పు వెనుక ఉన్న ఈ లెక్కను చూపిన తరువాత ఆ తప్పు రెండు వారాల్లో చాలావరకు పోయింది. అంతకుముందు నేను పదిసార్లు దిద్దినా పోలేదు.

'బిజినెస్ ఈజ్ పికప్డ్' కు మూలం కూడా తెలుగులోనే కనబడింది. మనం 'పికప్' ను రెండు విధాలుగా వాడతాం. ఎవరో చేసిన పనైతే 'పికప్ చేసిన', దానంతట అదే జరిగితే 'పికప్ అయింది'. ఈ తేడాను తెలుగు 'చేయు', 'అవు' అనే రెండు క్రియలతో పైకి కనబడేలా చెబుతుంది. ఇంగ్లీషు అదే తేడాను కర్మ ఉండటం, లేకపోవడంతోనే చెబుతుంది, వేరే గుర్తు పెట్టదు. 'ఐ పిక్డ్ అప్ ద గెస్ట్' లో కర్మ ఉన్నది కాబట్టి 'చేసిన', 'బిజినెస్ పిక్డ్ అప్' లో కర్మ లేదు కాబట్టి 'అయింది'. మన అభ్యాసకుడు 'అయింది' కు ఏదో ఒక ఇంగ్లీషు మాట పెట్టాలి కదా అని 'ఈజ్' తెచ్చి పెట్టాడు. పెట్టనవసరం లేదని, ఖాళీయే అక్కడ గుర్తని చెప్పినప్పుడు, "ఖాళీ వెడ్తె సరిపోతదా సార్?" అని రెండుసార్లు అడిగాడు. సకర్మకం, అకర్మకం అని పేర్లు పెట్టి చెప్పినా అదే విషయం, కాని చేసిన, అయింది అన్నప్పుడు అతనికి పట్టుబడినంత వేగంగా ఆ పేర్లతో పట్టుబడదు.

ట్రిప్ షీటు వెనుక

నాలుగవ వారం నుంచి చార్టు తీసేశాను. అతని దగ్గర ప్రతి రోజూ నింపే ట్రిప్ షీటు ఉంటుంది: తేదీ, బండి నంబరు, పికప్ చోటు, పికప్ సమయం, డ్రాప్, కిలోమీటర్లు, ప్రయాణికుడి సంతకం. పాత షీట్ల వెనుక వైపు ఖాళీగా ఉంటుంది. ఆ రోజు నిజంగా జరిగిన ఒక్క సంగతిని 'పిక్ అప్' తో ఒక్క వాక్యంగా అక్కడ రాసుకొని రావాలని నియమం పెట్టాను. జరగనిది రాయరాదు.

షీటు ముందు వైపు ఉన్న 'పికప్' నామవాచకం, వెనుక అతడు రాసేది క్రియ. ఉచ్చారణ తేడాకు అంతకంటె మంచి సాధనం నాకు దొరకలేదు. నామవాచకంలో ఒత్తు, అంటే గొంతు నొక్కి పలకడం, మొదటి ముక్క మీద పడుతుంది, క్రియలో 'అప్' మీద పడుతుంది. షీటు ముందుకు తిప్పినప్పుడు 'పిక్' దగ్గర, వెనక్కి తిప్పినప్పుడు 'అప్' దగ్గర వేలితో బల్ల మీద కొట్టమన్నాను. తెలుగులో ఇలాంటి ఒత్తుతో అర్థం మారదు కాబట్టి మన చెవి దానిని లెక్క చేయదు, విదేశీయుల చెవి లెక్క చేస్తుంది.

ఆ షీట్ల వెనుక వచ్చిన వాక్యాల్లో కొన్ని ఇక్కడ చెప్పుకోదగినవి. అన్నింటికంటె మంచిది అతని తండ్రి గురించి రాసింది. పాలమూరు జిల్లా నుంచి బతుకుతెరువు కోసం బొంబాయి, పుణె వలస పోయిన వేలాది కుటుంబాల్లో వీరిది ఒకటి. తండ్రి చాలా ఏళ్లు బొంబాయిలో కట్టడాల పని చేశాడు. కొడుకు మొదట 'మై ఫాదర్ లెర్న్డ్ మరాఠీ ఇన్ బాంబే' అని రాశాడు. వాక్యంలో తప్పు లేదు. "ఎవరు నేర్పిన్రు?" అని అడిగాను. "మా నాయినకు ఎవ్వరు నేర్పలే సార్. ఇటుకలు మోసుకుంట, మేస్త్రి మాటలు ఇనుకుంట, దానంతటదే ఒచ్చింది" అన్నాడు. 'లెర్న్' అంటే నేర్చుకొనుట. 'పిక్ అప్' అంటే అబ్బుట, ఒంటబట్టుట. బడి లేదు, పుస్తకం లేదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. 'మై ఫాదర్ పిక్డ్ అప్ మరాఠీ ఇన్ బాంబే' అని దిద్దుకొని రాసినప్పుడు ఆ వాక్యంలో తండ్రి బతుకు కూడా వచ్చి చేరింది. ఇక్కడ ఒక వ్యాకరణ విశేషమూ ఉన్నది. తెలుగులో భాష మనిషికి వస్తుంది: 'నాయినకు మరాఠీ వచ్చింది'. ఇంగ్లీషులో మనిషి కర్తగా నిలిచి భాషను ఎత్తుకొంటాడు. జబ్బు విషయంలోనూ ఇంతే. మనకు సర్ది అవుతుంది, జ్వరం తగులుతుంది, ఇంగ్లీషులో 'ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్' అని మనిషే దానిని ఎక్కడినుంచో తెచ్చుకొంటాడు. మన 'కు' ఉన్న చోట వారి 'ఐ' వస్తుందని ఒక్క మాటగా చెప్పి వదిలాను. చాలా క్రియలకు ఇది పనికి వస్తుంది.

ఇంకొక షీటు వెనుక 'మై మదర్ పిక్డ్ అప్ కాటన్ టుడే' అని ఉన్నది. పత్తి ఏరేటప్పుడు చెట్టు మీది కాయ నుంచి వేళ్లతో దూదిని లాగుతారు. అది 'పిక్' మాత్రమే, 'అప్' అవసరం లేదు. 'అప్' చేరితే పత్తి కింద పడి ఉన్నదని, దానిని వంగి తీసిందని అర్థం. ఇది చెప్పగానే అతడు, "కింద వడ్డది గూడ ఏరుతది సార్, మా అమ్మ ఒక్క పువ్వు ఇడిసిపెట్టది" అన్నాడు. అప్పుడు వాక్యాన్ని రెండుగా విడదీశాడు: చెట్టు మీది పత్తికి 'పిక్డ్', నేల మీది పత్తికి 'పిక్డ్ అప్'. ఈ క్రియ అసలు అర్థం ఆ రెండు వాక్యాల మధ్య ఉన్నంత స్పష్టంగా నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడలేదు. ఇదే పాఠంలో మన దగ్గర తరచుగా వినబడే 'ఐ విల్ పిక్ యూ ఎట్ సిక్స్' అనే వాక్యం కూడా సర్దుకొన్నది. 'అప్' లేకపోతే అతిథిని ఎంచుకొంటానన్నట్టు వినబడుతుంది. మన దేశంలో ఆ ప్రయోగం అర్థమవుతుంది, విమానం దిగిన కొత్తవారికి ఒక క్షణం తడబాటు కలుగుతుంది.

కొన్ని అర్థాలకు పాఠమే అక్కరలేకపోయింది. పత్రికల్లో పోలీసులు ఎవరినైనా విచారణకు 'పిక్డ్ అప్' అని కనబడితే, అది మన 'ఎత్తుకపోయిన్రు' తో అక్షరాలా సరిపోతుంది. బండికి పికప్ లేదని మెకానిక్కులు అనే మాట తప్పేమోనని అతనికి అనుమానం ఉండేది. వేగం అందుకొనే శక్తి అన్న ఆ అర్థం అమెరికా నిఘంటువుల్లోనూ ఉన్నదని చెప్పాను. నల్లమల ఘాటులో ఫోనుకు సిగ్నల్ అందకపోవడం, చాయ్ బిల్లు తానే కట్టడం వంటివి ఒక్కొక్క వాక్యంతో దాటిపోయాయి. ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం అన్న అర్థానికి భజన పాటే ఆధారమైంది. ముందు పాడేవాడు పాట ఎత్తుకోవడం, చాయ్ తాగి వచ్చి మళ్లీ అదే చరణం ఎత్తుకోవడం అతడు చిన్నప్పటి నుంచి చూసినవే.

ఇక అసలు గాయం దగ్గరికి ఆరవ వారంలో వచ్చాము. అంతకుముందే రావలసిందా అని ఆలోచించాను గాని, క్రియ మీద పట్టు రాకముందు ఆ వాక్యాన్ని ముట్టుకొంటే మళ్లీ భయమే మిగిలేదని నా అభిప్రాయం. 'ఎవ్రీ నైట్ ఐ పికప్ గర్ల్స్' అన్న వాక్యాన్ని బోర్డు మీద పెట్టి, ఒక్కొక్క మాటనూ విడిగా చూశాము. 'పిక్ అప్' కు ఉన్న చెడ్డ అర్థం దానంతట అది లేవదు, కొన్ని పరిస్థితులు కలిస్తేనే లేస్తుంది. ఒకటి, 'గర్ల్స్' ముందు 'ద' లేదు. 'ద' ఉంటే ఫలానా వారు, తెలిసిన వారు అని అర్థం, లేకపోతే ఎవరైనా సరే అని. తెలుగులో ఈ గుర్తు లేదు కాబట్టి మనకు దాని లోటు తెలియదు. రెండు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎందుకు అన్నది చెప్పలేదు. మూడు, 'ఎవ్రీ నైట్' అనేసరికి అలవాటు అన్న భావం వచ్చింది. నాలుగవది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మనం ఉద్యోగం చేసే యువతులను 'ఆడపిల్లలు' అన్నప్పుడు అందులో వాత్సల్యం, మర్యాద, కాపాడవలసిన బాధ్యత ఉంటాయి. దానికి ఎదురుగా 'గర్ల్స్' పెట్టగానే ఆ మర్యాద ఇంగ్లీషులోకి దాటదు, కొన్నిచోట్ల చులకనగా కూడా వినబడుతుంది.

ఈ నాలుగింటిలో మొదటి రెండు సర్దినా వాక్యం నిలబడుతుంది. అతడు చివరికి తయారు చేసుకొన్న వాక్యం ఇది: 'ఎట్ నైట్ ఐ పిక్ అప్ ద షిఫ్ట్ స్టాఫ్ ఎట్ ద ఫ్యాక్టరీ గేట్ అండ్ డ్రైవ్ దెమ్ హోమ్ సేఫ్లీ.' 'సేఫ్లీ' నేను చెప్పింది కాదు. అతడే చేర్చాడు. తాను ఆ రోజు చెప్పదలచుకొన్నది ఆ మాటేనని అన్నాడు.

ఫలితం, మిగిలినవి

ఎనిమిదవ వారం చివర మళ్లీ నేను అతిథినై, ముందుగా చెప్పకుండా అతని ఫోనుకు కాల్ చేశాను. సర్వనామం రెండు ముక్కల నడుమ సరిగ్గా కూర్చున్నది, 'పికప్డ్' ఒక్కసారి కూడా రాలేదు. వేగంగా మాట్లాడినప్పుడు ఒత్తు మాత్రం మళ్లీ మొదటి ముక్క మీదికి జారుతున్నది. దానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. గమనించుట, పసిగట్టుట అన్న అర్థమిచ్చే 'పిక్ అప్ ఆన్' ను వింటే తెలుసుకొంటున్నాడు గాని నోట రావడం లేదు. దానిని బలవంతం చేయలేదు. యజమాని నెల చివర రెండు విమానాశ్రయం డ్యూటీలు తిరిగి ఇచ్చాడు. పాఠం వల్ల ఇచ్చాడో, డ్రైవర్ల కొరత వల్ల ఇచ్చాడో నేను నిర్ణయించలేను.

ఒక విషయంలో అతనిని దిద్దకూడదని కావాలనే నిర్ణయించుకొన్నాను. 'ఫోన్ లిఫ్ట్ చేయలే' అన్నది తెలుగు 'ఎత్తు' నుంచి, హిందీ 'ఉఠానా' నుంచి మన ఇంగ్లీషులోకి వచ్చిన వాడుక. తోటి డ్రైవర్లతో, యజమానితో అతడు ఇంగ్లీషు కలిపి మాట్లాడేటప్పుడు 'హీ ఈజ్ నాట్ లిఫ్టింగ్' అంటేనే వారికి తొందరగా తెలుస్తుంది. విదేశీ అతిథితో మాట్లాడేటప్పుడు మాత్రం 'ఐ కాల్డ్, బట్ యూ డిడ్ నాట్ పిక్ అప్' అనాలని చెప్పాను. ఎవరితో ఏది అన్నది అతడు రోజంతా ఎలాగూ తేల్చుకొంటూనే ఉంటాడు: యజమానితో 'మీరు', నాతో 'సార్', తోటి డ్రైవరుతో 'అన్న', ఇంటి దగ్గర 'నాయిన'. ఆ వివేకం అతనికి నేను నేర్పనవసరం లేదు.

ట్రిప్ షీటులో పికప్ పక్క గడి డ్రాప్. 'ఐ విల్ డ్రాప్ యూ' అనడానికీ, 'డ్రాప్ యూ ఆఫ్' అనడానికీ, పిల్లవాడు బడి నుంచి 'డ్రాపౌట్' కావడానికీ, దారిలో కునుకు పట్టడాన్ని 'డ్రాప్ ఆఫ్' అనడానికీ ఉన్న తేడాలు రాత్రి బండి నడిపే మనిషికి చాలా దగ్గరి విషయాలు. గత సోమవారం నుంచి షీటు వెనుక ఆ వాక్యాలు మొదలయ్యాయి.